కోబ్జార్ బిచ్చగాడా, వీరగాథల గాయకుడా? ఉక్రెయిన్ చూపులేని పాటగాళ్ళ బతుకు గురించి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ఉక్రెయిన్ మహాకవి తరాస్ షెవ్చెంకో తన పుస్తకానికి ‘కోబ్జార్’ అని పేరు ఎందుకు పెట్టాడు? ఈ కోబ్జార్లను ఒకచోట వీరగాథలు పాడే గాయకులనీ, ఇంకోచోట గుడ్డి బిచ్చగాళ్ళనీ రాస్తారు, ఏది నిజం? స్టాలిన్ కాలంలో వాళ్ళందరినీ సభ ఉందని పిలిపించి కాల్చేశారంటారు, అది జరిగిందా? మొదటిదానికి ఒక పేరా చాలు. మూడోదానికి జాగ్రత్తగా జవాబు చెప్పాలి. రెండోదే అసలు ప్రశ్న, అందుకని ఎక్కువ భాగం దాని గురించే రాస్తాను.

ముందు నా సంగతి. 1990ల్లో మెడిసిన్ చదవడానికి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ వెళ్ళాను. చదువు అయ్యాక కూడా చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాను. ఒక ఆదివారం పార్కులో ఒకాయన చెట్టు కింద కూర్చుని, ఒళ్ళో ఏదో తీగల వాద్యం నిలువుగా పెట్టుకుని, పాటకీ మాటకీ మధ్యలో ఉన్నట్టు ఏదో చెప్పుకుపోతున్నాడు. నలుగురైదుగురు ముసలివాళ్ళు కదలకుండా వింటున్నారు. భాష సగమే అర్థమైంది, అయినా లేచి రాలేకపోయాను. ఆ వాద్యం పేరు బందూరా. ఆయన దగ్గరే తర్వాత రెండు చలికాలాలు దాన్ని పాత పద్ధతిలో నేర్చుకున్నాను. ఆయనకు చూపు ఉంది. ఆయన గురువుకూ ఉండేది. ఆ పైతరంలో వాయించినవాళ్ళకు మాత్రం లేదు. మీ రెండో ప్రశ్నకు జవాబు అక్కడే మొదలవుతుంది.

19వ శతాబ్దపు ఉక్రెయిన్ పల్లెల్లో కోబ్జార్ అంటే ఒక వృత్తి. కుమ్మరి, కమ్మరి ఎలాగో ఇదీ అలాగే. గురువు దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకోవాలి, సంఘం ముందు పరీక్ష నెగ్గాలి, సంఘానికి చందా కట్టాలి, ఒకరి హద్దులో ఇంకొకరు వేలు పెట్టకూడదు. ఆ వృత్తిలోకి రావడానికి కావలసిన మొదటి అర్హత చూపు లేకపోవడం. చూపున్నవాడు పొలం దున్నుకోగలడు, కాబట్టి పాట పాడి రొట్టె అడిగే హక్కు వాడికి లేదని లెక్క. మశూచి లాంటి జబ్బులతో చిన్నప్పుడే కళ్ళు పోయిన పిల్లలు ఆ రోజుల్లో చాలామంది. డాక్టర్‌గా ఆ వివరాలు చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. అలాంటి పిల్లవాడికి ఊరు చూపించిన దారుల్లో గౌరవంగా బతికే దారి ఇదొకటి. కాబట్టి ‘బిచ్చగాడా, గాయకుడా’ అని అడిగితే నా జవాబు ఇది: అతను గడప ముందు నిలబడి అడిగేవాడు, కానీ ఆ అడగడం కూడా నేర్చుకుని చేసే పనే. ఊళ్ళో అతన్ని మామూలు బిచ్చగాడి కింద జమకట్టేవాళ్ళు కాదు.

ఒక్క మనిషిని తీసుకుని చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఓస్తాప్ వెరెసాయ్ 1803లో పొల్తావా ప్రాంతంలోని కల్యుజింత్సి అనే ఊళ్ళో పుట్టాడు. భూస్వామి కింద బానిస రైతు కుటుంబం. తండ్రికీ చూపు లేదు, ఫిడేలు వాయించి సంపాదించేవాడు. ఓస్తాప్‌కు నాలుగేళ్ళ వయసులో కళ్ళు పోయాయి. పదిహేనేళ్ళప్పుడు కోబ్జార్ దగ్గర శిష్యుడిగా చేర్చారు. ఒక్క గురువు దగ్గరే కుదురుగా ఉండలేదు, మారుతూ నేర్చుకున్నాడు. తర్వాత సొకిరింత్సి అనే ఊళ్ళో స్థిరపడ్డాడు. పెళ్ళి, ఇల్లు, కూతురు అన్నీ ఉన్నాయి. ఎప్పుడూ దారుల వెంట తిరుగుతూ ఎక్కడ పొద్దుగూకితే అక్కడ పడుకునే ఒంటరి ముసలివాడి బొమ్మను చిత్రకారులూ కవులూ మనకు ఇచ్చారు. నిజానికి చాలామంది కోబ్జార్లకు సొంత గుడిసె, భార్యాపిల్లలు, కొందరికి కాస్త భూమి కూడా ఉండేవి. మంచు కరిగాక బయల్దేరి చుట్టుపక్కల ఊళ్ళ సంతలకూ చర్చి పండుగలకూ తిరిగేవాళ్ళు. చలికాలం ఇంటిపట్టున ఉండి తాళ్ళు పేనుకునేవాళ్ళు.

ఇక చదువు సంగతి. గురువును ‘పనోతెత్స్’ అనేవాళ్ళు, మనం ‘అయ్యగారు’ అన్నట్టుగా. తండ్రితో సమానమన్న అర్థం అందులోనే ఉంది. శిష్యుడు గురువు ఇంట్లోనే ఉండేవాడు. మామూలుగా మూడేళ్ళ ఒప్పందం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఆ కాలంలో శిష్యుడు పాడి సంపాదించినది గురువుకే చెందుతుంది. ముందు ప్రార్థనలు, తర్వాత గడప ముందు చెప్పే యాచన పాట, ఆ తర్వాత భక్తి గీతాలు. వాద్యం ఆ తర్వాతే చేతికి వచ్చేది. పొడుగాటి వీరగాథలు అన్నిటికంటే చివర, అవీ అందరికీ కాదు.

చూపులేని గురువు చూపులేని శిష్యుడికి వాయించడం ఎలా నేర్పుతాడు? శిష్యుడి వేళ్ళను తన వేళ్ళ మీద పెట్టుకుంటాడు. గురువు చెయ్యి ఎటు కదిలితే శిష్యుడి చెయ్యి అటు కదులుతుంది. కొన్నాళ్ళకు చేతులు తారుమారవుతాయి, శిష్యుడి వేళ్ళ మీద గురువు వేళ్ళు ఉంటాయి, తప్పు పడగానే నొక్కుతాయి. పార్కులో కలిసిన మా గురువు నాకూ అలాగే నేర్పాడు, కళ్ళు మూసుకోమని. కళ్ళు తెరిస్తే తీగల కోసం వెతుకుతావు, మూసుకుంటే చెయ్యే వెళ్ళి తీగ మీద వాలుతుంది అనేవాడు. మొదటి నెల ఒళ్ళు మండింది. తర్వాత తెలిసింది, చూపు అడ్డం వస్తోందని.

గడువు తీరాక ‘విజ్‌విల్క’ అనే తంతు ఉండేది, అంటే విడుదల. సంఘంలోని పెద్దలు కూడతారు. శిష్యుడు అందరికీ పేరుపేరునా వంగి దండం పెడతాడు, ప్రశ్నలకు జవాబులు చెబుతాడు, పాడి వినిపిస్తాడు. రొట్టె కోసి పంచుతారు, వోడ్కా పోస్తారు. అప్పుడు గురువు దీవించి, సొంతంగా పాడుకునే హక్కు ఇస్తాడు. తనూ శిష్యులను పెట్టుకునే హక్కు ఇంకొన్నాళ్ళకు వస్తుంది. ఈ తంతు లేకుండా పాడుకుంటూ తిరిగేవాడు దొరికితే సంఘంవాళ్ళు వదిలేవాళ్ళు కాదు. వాద్యం విరగ్గొట్టేవాళ్ళు, లేదా భుజాన ఉన్న సంచి పట్టీ కోసేసేవాళ్ళు. సంచి కోస్తే ఇక ఆ మనిషి గడప తొక్కి అడగడానికి లేదు. అంతకంటే పెద్ద అవమానం ఆ వృత్తిలో లేదు.

ఈ సంఘాలు చర్చిని ఆనుకుని ఉండేవి. ఒక చర్చిలో సంఘానికంటూ ఒక దేవుడి పటం, దాని ముందు దీపం. ఆ దీపానికి నూనె, కొవ్వొత్తులు అందరి చందాలతోనే. ఒక పెద్దను ఎన్నుకునేవాళ్ళు. తగాదాలు ఆయనే తీర్చేవాడు. జబ్బుపడ్డవాళ్ళకూ చనిపోయినవాళ్ళ కుటుంబాలకూ సంఘం డబ్బు నుంచే సాయం. ఇవన్నీ కాగితం మీద లేని చట్టాలు. చూపులేనివాళ్ళ చట్టం కాగితం మీద ఎందుకుంటుంది? తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక రహస్య భాష కూడా ఉండేది, ‘లెబీస్కా’ అనేవాళ్ళు. వ్యాకరణం ఉక్రెయినియన్‌దే, ముఖ్యమైన మాటలు మాత్రం బయటివాళ్ళకు తెలియనివి. సంతలో నలుగురి మధ్య నిలబడి డబ్బు సంగతో, పోలీసు సంగతో మాట్లాడుకోవాలంటే అలాంటిది లేకపోతే కుదరదు.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి, చాలా వ్యాసాలు వాళ్ళను వదిలేస్తాయి. చూపులేని ఆడవాళ్ళూ ఊరూరా తిరిగి భక్తి పాటలు పాడేవాళ్ళు. వాద్యం మాత్రం సాధారణంగా మగవాళ్ళ చేతిలోనే ఉండేది. భార్యాభర్తలిద్దరూ చూపులేనివాళ్ళై, ఇద్దరూ పాడి బతికిన ఇళ్ళూ ఉన్నాయి.

ఇప్పుడు తిండి ఎలా గడిచేదన్న దానికి వస్తాను. కోబ్జార్ ఒక్కడే నడవలేడు. ముందు ఒక కుర్రవాడు నడుస్తాడు. అతన్ని ‘పొవొదీర్’ అంటారు, దారి చూపేవాడు. ఎక్కువగా తల్లిదండ్రులు లేని పిల్లవాడో, బొత్తిగా లేనివాళ్ళ బిడ్డో అయి ఉంటాడు. ఏడాదికింతని మాట్లాడుకుని పెట్టుకునేవాళ్ళు. ఈ పిల్లల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. పదేళ్ళు నిండని పిల్లవాడు రోజంతా సంచులు మోస్తూ, కుక్కలను అదిలిస్తూ, ఏ ఇంట్లో పెడతారో ఏ ఇంట్లో తిడతారో గుర్తుపెట్టుకుంటూ నడవాలి. వాడికి కళ్ళున్నాయి కాబట్టి పాట నేర్చుకున్నా సంఘంలో చోటు లేదు.

ఇంటి ముందుకు రాగానే కోబ్జార్ ‘జెబ్రాంక’ అందుకుంటాడు. అది యాచన పాట. ఇంట్లో చనిపోయినవాళ్ళ ఆత్మలకు శాంతి కలగాలని, బతికున్నవాళ్ళకు ఆరోగ్యం ఉండాలని కోరుతూ, వెలుగు చూడని తన బతుకు చెప్పుకుంటూ సాగుతుంది. ఇంటావిడ పిండో, రొట్టెముక్కో, గుడ్లో, పందికొవ్వో తెచ్చి పోస్తుంది. అమ్మ పేరు మీదో నాన్న పేరు మీదో ప్రార్థన పాడమని అడుగుతుంది. ఇది ఇచ్చిపుచ్చుకోవడం, దానం మాత్రమే కాదు. చూపులేనివాడి ప్రార్థన దేవుడికి త్వరగా చేరుతుందని ఆ పల్లెల నమ్మకం. సంతల్లో అయితే నాణేలు. అక్కడ భక్తి పాటలతో పాటు హాస్యం పాటలూ, చిందు పాటలూ నడిచేవి. జనం ఎక్కువగా అడిగింది భక్తి గీతాలే: పేద లాజరు, ధనవంతుడైన అన్న కథ, సవతి తల్లి చేతిలో పడ్డ అనాథ పిల్ల పాట, లోకంలో సత్యం లేదని మొదలయ్యే పాట. ఈ చివరిది వెరెసాయ్ గొంతులో బాగా పేరు పొందింది. వీరగాథలే పాడుకుంటూ తిరిగారనేది తర్వాత చదువుకున్నవాళ్ళు కట్టిన బొమ్మ. ఆ గాథల కోసమే వాళ్ళు కోబ్జార్లను వెతుక్కుంటూ వచ్చారు, అందుకే పుస్తకాల్లో అవే నిండిపోయాయి.

అలాగని వీరగాథలు చిన్న సంగతని అనడం లేదు. వాటిని ‘దూమ’ అంటారు. చరణాలు, పల్లవి ఉండవు. ఒక పాదం పొట్టిగా, ఇంకోటి పొడుగ్గా, ఊపిరి పట్టినంత మేర సాగుతాయి, క్రియాపదాల దగ్గర ప్రాస కలుస్తుంది. మొదట ‘ఓయ్’ అని ఒక పొడుగాటి మూలుగు, దాన్ని ‘ఏడుపు’ అనే పిలుస్తారు. చివర వినేవాళ్ళకు ఆయుష్షు కోరి ముగిస్తారు. విషయం ఎక్కువగా 16, 17 శతాబ్దాలది: క్రిమియా తాతార్ల దాడులు, ఒట్టోమాన్ ఓడల్లో తెడ్లు వేసే బందీలు, ఉక్రెయిన్ మైదానాల యోధులైన కొసాక్కుల యుద్ధాలు.

ఒక దూమ చెబుతాను. ముగ్గురు అన్నదమ్ములు అజోవ్ కోటలో బందీలు. రాత్రికి రాత్రి పారిపోతారు. ఇద్దరు పెద్దవాళ్ళకు గుర్రాలు దొరికాయి, చిన్నవాడు కాలినడకన వెంటపడి పరిగెడతాడు. నన్నూ ఎక్కించుకోండి అంటాడు. ఎక్కించుకుంటే ముగ్గురం దొరికిపోతామంటారు. అలాగైతే నా తల నరికి పూడ్చిపెట్టి పోండి, పక్షులకు వదలకండి అంటాడు. అదీ చేయలేరు. నడిమివాడు మాత్రం దారి తెలియడానికి ముళ్ళకొమ్మలు విరిచి పడేస్తూ పోతాడు. కొమ్మలు లేని మైదానం వచ్చాక తన అంగీ అంచులోని ఎర్రగుడ్డ చింపి పడేస్తాడు. చిన్నవాడు ఆ గుడ్డముక్కలు ఏరుకుని ఏడుస్తాడు, అన్నలను చంపేశారనుకుంటాడు, తనను వదిలేసి పోతున్నారన్న కోపం వాడికి లేదు. సావుర్ దిబ్బ దాకా వచ్చి దాహంతో, ఆకలితో ప్రాణం వదులుతాడు. డేగలు కళ్ళ మీద వాలతాయి, తోడేళ్ళు వస్తాయి, కోకిల తలదగ్గర కూర్చుని అక్కలా ఏడుస్తుంది. సావుర్ దిబ్బ నిజంగానే ఉంది, దొనెత్స్క్ ప్రాంతంలో. 2014లో అక్కడ ఘోరంగా యుద్ధం జరిగింది. ఆ వార్త చదివిన రోజు ఆ దూమ వినలేకపోయాను.

మరూస్యా బోహుస్లావ్కా దూమ కూడా మనసును బాగా తాకుతుంది. బందీగా పోయి తురక ప్రభువు ఇంట్లో చేరిన పూజారి కూతురు, ముప్ఫై ఏళ్ళుగా చీకటి కొట్లో ఉన్న ఏడువందల మంది కొసాక్కులను ఈస్టర్ పండుగ నాడు తాళాలు తీసి వదిలేస్తుంది. నన్ను విడిపించడానికి రావద్దని అమ్మానాన్నలకు చెప్పండి, నేను ఇక్కడి తిండికీ ఇక్కడి సుఖానికీ అలవాటు పడిపోయాను అంటుంది. చూపులేని మనిషి చీకటి కొట్టు గురించి పాడుతున్నప్పుడు ఆ మాటకు వచ్చే బరువు వేరు.

సంగీతం తెలిసినవాళ్ళకు ఒక మాట. చాలా దూమల్లో వినిపించే స్వరాలు మన హేమవతి మేళకర్త స్వరాలే: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, ప్రతి మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. మన రాగంలా ఆలాపన ఉండదు, గమకాల తీరు వేరు, సంబంధం ఏదో ఉందని నేను అనను. కానీ ఆ ప్రతి మధ్యమం నుంచి గాంధారానికి జారే చోట మన చెవి గుర్తుపడుతుంది. పార్కులో నేను లేచి రాలేకపోయింది అందుకేనేమో.

వాద్యాల గురించి క్లుప్తంగా. కోబ్జా, బందూరా, లీరా అని మూడు. వెరెసాయ్ కోబ్జాకు మెడ మీద ఆరు తీగలు, పక్కన పొట్టివి ఆరు. పాత బందూరాను ఒకే విల్లో మొద్దును తొలిచి చేస్తారు, పైన పలక వేరే చెక్క, తీగలు ఇరవై పైచిలుకు. లీరా వేరే రకం. పిడి తిప్పితే లోపల చక్రం తీగలను రాస్తుంది, మీటలు నొక్కితే స్వరం మారుతుంది, మిగతా తీగలు తంబూరాలా ఆగకుండా మోగుతాయి. అది వాయించేవాళ్ళను ‘లీర్నిక్’లు అంటారు. సంఘం, చదువు, బతుకు అన్నీ కోబ్జార్లవే. ఈరోజు వేదికల మీద కనిపించే యాభై అరవై తీగల మెరిసే బందూరా 20వ శతాబ్దపు తయారీ. అది విని కోబ్జార్లు ఇలాగే వాయించేవాళ్ళని అనుకోకండి.

మీ మొదటి ప్రశ్నకు ఇక్కడే జవాబు. షెవ్చెంకో ‘కోబ్జార్’ 1840లో ఎనిమిది కవితలతో వచ్చింది. బానిస కుటుంబంలో పుట్టిన కవి, తన జనం ఎవరి నోట తమ చరిత్ర విన్నారో ఆ మనిషి పేరే పుస్తకానికి పెట్టుకున్నాడు. తర్వాత జనం కవినే కోబ్జార్ అని పిలవడం మొదలుపెట్టారు. 1860లో ఆ పుస్తకం ప్రతి ఒకటి వెరెసాయ్‌కి పంపాడు, సోదరుడు ఓస్తాప్‌కి అని రాసి. చదవలేని మనిషికి పుస్తకం పంపడం ఏమిటని మొదట అనిపించింది. చుట్టూ ఉన్నవాళ్ళ చేత చదివించుకుంటాడు కదా. వినడమే కదా అతని చదువు.

వెరెసాయ్ కథలో అసలు మలుపు 70 ఏళ్ళ వయసులో వచ్చింది. 1873లో కీవ్‌లో భౌగోళిక సంఘం సమావేశంలో అతని చేత పాడించారు. స్వరకర్త మికోలా లిసెంకో అతని పాటల సంగీతం మీద ప్రసంగం చదివాడు. ఒక కోబ్జార్ సంగీతాన్ని శ్రద్ధగా పరిశీలించి స్వరాలు రాసుకున్న తొలి పెద్ద పని అది. 1874లో కీవ్‌లో పురావస్తు మహాసభకు వచ్చిన పరదేశి పండితులు విన్నారు. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పాడాడు. ఆ మరుసటి ఏడాది, 1876లో, చక్రవర్తి రెండో అలెగ్జాండర్ జర్మనీలోని ఎమ్స్‌లో ఉండగా ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ఉక్రెయినియన్ భాషలో పుస్తకాల ముద్రణను దాదాపు పూర్తిగా ఆపేసి, రంగస్థలాన్నీ పాటల ముద్రణనూ కూడా నిషేధించిన ఉత్తర్వు అది. సంతల్లో పోలీసులు కోబ్జార్లను తరమడం, వాద్యాలు లాక్కోవడం మామూలైంది. వెరెసాయ్ సొకిరింత్సిలోనే 1890లో చనిపోయాడు.

1902లో ఖార్కివ్‌లో ఇంకో పురావస్తు మహాసభ జరిగింది. హ్నాత్ ఖోత్‌కెవిచ్ అనే యువ ఇంజనీరు, తనూ బందూరా వాయించేవాడు, పల్లెల నుంచి కోబ్జార్లనూ లీర్నిక్‌లనూ తీసుకొచ్చి వేదికెక్కించాడు. ఇవాన్ కుచెరెంకో, తెరెంతీ పర్ఖొమెంకో, మిఖాయిలో క్రావ్చెంకో లాంటివాళ్ళకు పట్నాల్లో పేరు రావడానికి అదే కారణం. క్రావ్చెంకో గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 1905 చివర అతని ఊరు సొరోచింత్సిలో రైతుల మీద కాల్పులు జరిగితే, పాత దూమల పద్ధతిలోనే కొత్తగా దూమ కట్టి పాడాడు. ఆ రూపం అప్పటికీ బతికే ఉందనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

1908లో రికార్డింగ్ పని మొదలైంది. ల్వీవ్ నుంచి సంగీత పండితుడు ఫిలారెత్ కొలెస్సా ఫోనోగ్రాఫ్ మోసుకుని పొల్తావా ప్రాంతంలోని మిర్హొరోద్ వచ్చి మైనపు సిలిండర్ల మీద కోబ్జార్ల గొంతులు పట్టాడు. ఖర్చు భరించింది కవయిత్రి లేస్యా ఉక్రాయింకా, ఆవిడ భర్త క్లిమెంత్ క్విత్కా, తమ పేరు బయటికి రాకుండా. ఆవిడ అప్పటికే క్షయతో బాధపడుతోంది. ఆ ఏడాది చివర్లో యాల్టాలో హ్నాత్ హొంచరెంకో అనే వృద్ధ కోబ్జార్‌ను పిలిపించి స్వయంగా రికార్డు చేసింది. ఆ సిలిండర్లలో కొన్ని మిగిలాయి. గరగరల మధ్య గొంతు వినిపిస్తుంది, ఎక్కడో గోడ అవతల నుంచి వస్తున్నట్టు.

ఇక మూడో ప్రశ్న. 1930ల్లో ఖార్కివ్ దగ్గర సభ పేరుతో వందలమంది కోబ్జార్లను పిలిచి ఒక్కసారే కాల్చేశారన్న కథ ఉక్రెయిన్‌లో చాలామంది నమ్ముతారు. ప్రాణాలు పోగొట్టుకున్న కోబ్జార్లకు ఖార్కివ్‌లో స్మారక చిహ్నం కూడా ఉంది. అయితే అలాంటి ఒక్క సభకు, ఒక్క మూకుమ్మడి కాల్పులకు ఆర్కైవ్‌లలో ఆధారం దొరకలేదు. 1939లో కీవ్‌లో కోబ్జార్లతో ప్రభుత్వం ఒక సమావేశం జరిపింది, అది రికార్డుల్లో ఉంది, వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళారు. అంటే ఏమీ జరగలేదని కాదు. దయచేసి అలా అర్థం చేసుకోకండి. ఒక్కొక్కరిగా చేశారు. ఇవాన్ కుచెరెంకోకు 1926లో సోవియట్ ప్రభుత్వమే ప్రజా కళాకారుడని బిరుదు ఇచ్చింది, 1937లో అరెస్టు చేసి కాల్చింది. ఖోత్‌కెవిచ్‌ను 1938లో కాల్చారు. ఇవి కాగితాల మీద ఉన్నవి.

ఆ వృత్తిని చంపింది తూటా ఒక్కటే కాదని నా అభిప్రాయం. చర్చిలు మూసేశారు, దాంతో సంఘాల దీపమూ చందాలూ పోయాయి. యాచించడం నేరమైంది. సంతలు తగ్గాయి, ఊరు దాటాలంటే కాగితాలు కావాలి. అన్నిటినీ మించి 1932, 33 సంవత్సరాల కరువు. కోబ్జార్‌ను పోషించింది రొట్టెముక్క పెట్టిన ఇంటావిడ. ఆ ఇంట్లోనే పిల్లలు ఆకలితో చనిపోతుంటే గడప ముందు జెబ్రాంక ఎవరి కోసం పాడాలి? మిగిలినవాళ్ళకు బృందాల్లో చేరి, లెనిన్ మీదా స్టాలిన్ మీదా కొత్త పాటలు పాడే దారి చూపించారు. కొందరు పాడారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు.

గురుశిష్యుల గొలుసు తెగకుండా ఎలా మిగిలిందన్నది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. యెహోర్ మొవ్చాన్ అనే సూమీ ప్రాంతపు చూపులేని కోబ్జార్ 1968 దాకా బతికాడు. ఇంకో దారి హెయోర్హీ త్కచెంకో. 1898లో పుట్టిన వాస్తుశిల్పి, చిత్రకారుడు, చూపున్నవాడు. యువకుడిగా ఖార్కివ్ కోబ్జార్ పెత్రో ద్రెవ్చెంకో దగ్గర నేర్చుకున్నది దశాబ్దాల పాటు మాస్కోలో ఉంటూ కూడా చేతుల్లో నిలుపుకున్నాడు, ముసలితనంలో కీవ్ చేరి కుర్రవాళ్ళకు నేర్పాడు. 1993లో చనిపోయాడు. ఆయన శిష్యుడు మికోలా బుద్నిక్ పాత వాద్యాలను మళ్ళీ తన చేత్తో తొలిచి చేయడం మొదలుపెట్టాడు. ఇప్పటి కీవ్ కోబ్జార్ సంఘం అక్కణ్ణుంచి వచ్చింది. చూపు లేకపోవాలన్న నియమం ఇప్పుడు లేదు. దాని బదులు ఇంకో నియమం ఉంది: నీ వాద్యం నువ్వే చేసుకోవాలి. 2024 డిసెంబర్‌లో యునెస్కో ఈ కోబ్జా, లీరా సంప్రదాయాన్ని కాపాడే కార్యక్రమాన్ని మంచి పరిరక్షణ పద్ధతుల పట్టికలో చేర్చింది. పాటలకంటే ముందు నేర్పే పద్ధతిని గుర్తించారన్నమాట, అది నాకు చాలా నచ్చింది.

వినాలనుకుంటే ఇలా వినమని నా సలహా. పెద్ద బృందాల కచేరీలతో మొదలుపెట్టకండి. త్కచెంకో రికార్డింగులు దొరుకుతాయి, ముందు అవి వినండి. ముసలి గొంతు, సన్నటి తీగలు, తొందర లేదు. తర్వాత లీరాతో ఎవరైనా పాడిన అనాథ పిల్ల పాట వినండి. ముగ్గురు అన్నదమ్ముల దూమను మాత్రం కథ తెలుసుకున్నాకే వినండి, ఒంటరిగా, మధ్యలో ఆపకుండా. మైనపు సిలిండర్ల గొంతులు చివరికి పెట్టుకోండి. చెవి అలవాటు పడకముందు అవి గరగరలా ఉంటాయి. అలవాటు పడ్డాక క్రావ్చెంకో ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో కూడా తెలుస్తుంది.